హెడ్‌సెట్ తలకెక్కింది, మరి పాఠం?

హెడ్‌సెట్ కళ్లకు తగిలించి, కంప్యూటర్ సృష్టించిన దృశ్యంలోనే ఉన్నట్టు అనిపించేలా చేసేది వర్చువల్ రియాలిటీ (వీఆర్). బడులకు ఈ పరికరాలు అమ్మేవాళ్ల ప్రజెంటేషన్లలో ఒక పిరమిడ్ బొమ్మ తరచూ కనిపిస్తుంది. చదివినదాంట్లో 10 శాతమే గుర్తుంటుందట. విన్నదాంట్లో 20, చూసినదాంట్లో 30, స్వయంగా చేసినదాంట్లో ఏకంగా 90 శాతం. కింద ఎడ్గర్ డేల్ అనే పేరు. డేల్ పేరున్న అమెరికన్ విద్యావేత్తే. 1946లో ఆయన అలాంటి శంకువు బొమ్మ ఒకటి గీసిన మాటా నిజమే. కాకపోతే అందులో శాతాలు లేవు. అవి తర్వాత ఎవరో తగిలించినవి, వాటి వెనక ప్రయోగమంటూ ఏదీ లేదు. మనిషి జ్ఞాపకశక్తి సరిగ్గా పదులు, ఇరవైల లెక్కన తెగుతుందంటేనే అనుమానం రావాలి. కానీ బొమ్మ చక్కగా ఉంటే లెక్క ఎవరడుగుతారు?

ఇంకో లెక్క కూడా చలామణిలో ఉంది. వీఆర్‌లో నాలుగు రెట్లు వేగంగా నేర్చుకుంటారని, ఆత్మవిశ్వాసం 275 శాతం దాకా పెరుగుతుందని. ఇది గాలి కబురేం కాదు, 2020లో పీడబ్ల్యూసీ అనే కన్సల్టింగ్ సంస్థ బయటపెట్టిన అధ్యయనం. అయితే అందులో పాల్గొన్నది పిల్లలు కాదు, అమెరికాలో ఆ సంస్థ ఆఫీసుల్లో కొత్తగా మేనేజర్లయినవాళ్లు. నేర్చుకున్నది త్రికోణమితో, కిరణజన్య సంయోగక్రియో కాదు, తోటి ఉద్యోగులందరినీ కలుపుకుని ఎలా పోవాలన్న సంగతి. నాలుగు రెట్ల వేగం అంటే, తరగతి గదిలో రెండు గంటలు పట్టే శిక్షణ హెడ్‌సెట్‌లో అరగంటకు ముగిసిందని. ఆత్మవిశ్వాసం పెరిగిందని చెప్పుకున్నదీ వాళ్లే. ఆ అంకెల్ని తెచ్చి ఏడో తరగతి సైన్సు పాఠానికి అంటిస్తే, అది అరచేతిలో వైకుంఠం చూపించడమే.

అలాగని వీఆర్ వట్టి డొల్ల అనడం కూడా తొందరపాటే. గత పదేళ్లలో దీని మీద బోలెడు పరిశోధన జరిగింది. అందులో ఆశలు పెంచే ఫలితాలూ ఉన్నాయి, వాటి మీద నీళ్లు చల్లేవీ ఉన్నాయి. అసలు చిక్కు ఎక్కడొస్తోందంటే, "వీఆర్ పనిచేస్తుందా, లేదా?" అన్న ప్రశ్న దగ్గరే. ఏ పాఠానికి, హెడ్‌సెట్‌లో పిల్లలు ఏం చేస్తుండగా, దానికి ముందూ వెనకా టీచరు ఏం చేస్తే అన్నది తేల్చకుండా ఆ ప్రశ్నకు జవాబు దొరకదు.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. వీఆర్ అన్న ఒక్క పేరు కింద మూడు నాలుగు రకాల సరుకు అమ్ముడవుతోంది. అట్టపెట్టెలో ఫోన్ దూర్చి 360 డిగ్రీల వీడియో చూపించడం ఒకటి. ఇక్కడ పిల్లలు తల తిప్పి చుట్టూ చూడగలరు, అంతే. ఒక అడుగు ముందుకేసినా కళ్ల ముందు దృశ్యం కదలదు. రెండో రకంలో హెడ్‌సెట్‌లోని కెమెరాలు, సెన్సర్లు తల ఎటు తిరిగిందో, ఎంత వంగిందో, శరీరం ఎంత జరిగిందో మొత్తం పట్టుకుంటాయి. చేతులతో వస్తువు తీయొచ్చు, తిప్పొచ్చు, కింద పడేయొచ్చు. మూడోది మామూలు కంప్యూటర్ తెర మీద మౌస్‌తో నడిచే త్రీడీ సిమ్యులేషన్, అంటే అసలుదాన్ని అనుకరించే బొమ్మల ప్రపంచం. పరిశోధన పత్రాల్లో దీన్ని కూడా చాలాకాలం వీఆర్ అనే పిలిచారు. కాబట్టి "వీఆర్‌తో మార్కులు పెరిగాయి" అన్న వార్త కనబడితే, ఈ మూడింట్లో ఏది అని ముందు అడగాలి. తెర మీది సిమ్యులేషన్‌తో వచ్చిన ఫలితం చూపించి ఖరీదైన హెడ్‌సెట్లు అంటగట్టడం కొత్తేమీ కాదు.

హెడ్‌సెట్ చేసే కనికట్టులో పాత సంగతి కొంత, కొత్త సంగతి కొంత. రెండు కళ్లకూ కాస్త తేడా ఉన్న రెండు బొమ్మలు చూపిస్తే మెదడు వాటిని కలిపి లోతు చూస్తుందని చార్లెస్ వీట్‌స్టన్ 1838లోనే స్టీరియోస్కోప్‌తో నిరూపించాడు. తల తిప్పగానే బొమ్మ కూడా దానికి తగ్గట్టు మారే యంత్రాన్ని ఐవన్ సదర్లాండ్ 1968లో తయారుచేశాడు. తలకు తగిలించుకునేలా ఉన్నా, బరువు వల్ల దాన్ని పైకప్పు నుంచి వేలాడదీయాల్సి వచ్చింది. ఇప్పుడు అదంతా అరకిలో బరువులోకి వచ్చింది. తల కదిలిన తర్వాత దాదాపు 20 మిల్లీసెకన్లలోపే బొమ్మ మారిపోతే, మెదడు తను ఆ దృశ్యం లోపలే ఉన్నట్టు ఒప్పేసుకుంటుంది. "అక్కడే ఉన్నాను" అనే ఈ భావన వీఆర్‌కి ఆయువుపట్టు. కొండచరియ అంచున నిలబడ్డ దృశ్యం చూపిస్తే, కింద గచ్చు నేల ఉందని తెలిసినా కాళ్లు వణుకుతాయి.

మరి ఆ భావన కలిగితే చదువు కూడా వచ్చేసినట్టేనా? అన్ని లెక్కలూ తప్పేది ఇక్కడే.

అనుభూతి ఎక్కువ, చదువు తక్కువ

డెన్మార్క్‌లో గీడో మక్రాన్‌స్కీ అనే పరిశోధకుడి బృందం చేసిన ప్రయోగం ఈ రంగంలో అందరూ ప్రస్తావించేది. లాబ్‌స్టర్ అనే సంస్థ తయారుచేసిన సైన్స్ ల్యాబ్ సిమ్యులేషన్‌ను 52 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఇచ్చారు, కంప్యూటర్ తెర మీద, హెడ్‌సెట్‌లో. పాఠం ఒకటే, మాటలు ఒకటే, పరికరమే వేరు. నేర్చుకుంటున్నప్పుడు మెదడులో విద్యుత్ సంకేతాలు కూడా కొలిచారు. హెడ్‌సెట్‌లో "అక్కడే ఉన్నాం" అన్న భావన ఎక్కువగా కలిగింది. పరీక్ష పెడితే మాత్రం హెడ్‌సెట్‌లో నేర్చుకున్నవాళ్లకే తక్కువ వచ్చింది. మెదడు మీద భారం ఎక్కువ పడిందని విద్యుత్ సంకేతాలు సూచించాయి. 2019లో అచ్చయిన ఆ పత్రం శీర్షికలోనే ఈ సంగతి దాపరికం లేకుండా ఉంది.

కాలిఫోర్నియాలో జోస్లిన్ పరాంగ్, రిచర్డ్ మేయర్ అనే పరిశోధకులు చేసి 2018లో ప్రచురించిన పని ఇంకా ఆసక్తిగా ఉంటుంది. రక్తనాళాల్లో ప్రయాణిస్తూ కణాల గురించి తెలుసుకునే వీఆర్ పాఠం ఒకటి తీసుకున్నారు. చుట్టూ ఎర్రకణాలు దొర్లుకుంటూ పోతుంటాయి, వెనక నుంచి వివరణ వినిపిస్తుంటుంది. కొందరికి అది చూపించి, మిగతావాళ్లకు అదే విషయాన్ని మామూలు స్లైడ్లుగా ఇచ్చారు. వీఆర్ చూసినవాళ్లు భలే ఉందన్నారు, ఆసక్తి పెరిగిందన్నారు. పరీక్షలో ముందున్నది స్లైడ్లవాళ్లు.

కారణం ఊహించడం కష్టమేమీ కాదు. మనిషి ఒకేసారి మనసులో పట్టుకోగలిగేది కొంతే. కణాలు ముఖం మీదికి దూసుకొస్తుంటే కళ్లు వాటి వెంటే పోతాయి. వివరణ ఓ చెవిన పడి ఇంకో చెవిలోంచి పోతుంది. స్లైడ్ అయితే ఆగుతుంది. అర్థం కాకపోతే వెనక్కి వెళ్లొచ్చు, ఒక ముక్క రాసుకోవచ్చు. హెడ్‌సెట్ పెట్టుకున్న పిల్లవాడికి నోట్‌బుక్కే కనపడదు. ఈ చిన్న సంగతిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. రాసుకోవడం మన చదువులో ఎంత పని చేస్తుందో, అది లేకుండా పోయినప్పుడే తెలుస్తుంది.

అయితే ఆ ఇద్దరూ అక్కడితో ఆగలేదు. రెండో ప్రయోగంలో అదే వీఆర్ పాఠాన్ని ముక్కలు చేశారు. ఒక ముక్క అవగానే ఆపి, ఇప్పుడు చూసింది మీ మాటల్లో చెప్పండి అన్నారు. అలా చేసినవాళ్లు, ఆపకుండా చూసినవాళ్ల కంటే పరీక్షలో మెరుగ్గా రాశారు. ఆసక్తి కూడా తగ్గలేదు. పరికరం మారలేదు, బొమ్మలు మారలేదు. మారిందల్లా మధ్యలో ఆపి అడిగిన ఒక్క ప్రశ్న. నా మటుకు నాకు ఈ రంగంలో పనికొచ్చే ఫలితం ఏదంటే ఇదే. మొదటి ప్రయోగాన్ని పట్టుకుని వీఆర్ దండగ అనేవాళ్లు ఈ రెండోదాన్ని చదవరు. వీఆర్ అమ్మేవాళ్లు రెండూ చదవరు.

ఈ వాదన వీఆర్‌తో పుట్టింది కాదు. 1983లోనే రిచర్డ్ క్లార్క్ అనే విద్యా పరిశోధకుడు రేడియో, టీవీ, కంప్యూటర్ల మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ చూసి ఓ మాటన్నాడు: సరుకులు మోసుకొచ్చే లారీ వల్ల మన పోషణ ఎలా మారదో, పాఠాన్ని మోసుకొచ్చే మాధ్యమం వల్ల చదువు అలాగే మారదని. తేడా తెచ్చేది బోధన పద్ధతేనని ఆయన వాదన. దీన్ని కాదన్నవాళ్లూ ఉన్నారు. కొన్ని మాధ్యమాలు కొన్ని పద్ధతుల్ని సాధ్యం చేస్తాయి కదా, వాటిని విడదీసి చూడటం కుదరదు అని. నలభై ఏళ్లయినా ఆ తగువు తెగలేదు. వీఆర్ విషయంలో ఇద్దరూ చెరి సగం సరైనవాళ్లే అనిపిస్తుంది. హెడ్‌సెట్ తనంతట తాను ఏమీ నేర్పదు, కానీ దానితో తప్ప కుదరని పాఠాలు కొన్ని ఉన్నాయి.

అధ్యయనాలన్నీ పోగేసి చూస్తే ఏం తేలుతుంది? హెడ్‌సెట్ల మీద 35 అధ్యయనాల్ని కలిపి చూసిన ఒక విశ్లేషణ 2020లో వచ్చింది. మొత్తం మీద ప్రయోజనం ఉంది, కానీ చిన్నది అని అది తేల్చింది. దానికి తోడు చాలా అధ్యయనాలు ఒకటి రెండు పూటల్లో ముగిసేవి. కొత్త వింత, పాత రోత అన్నది పిల్లల విషయంలో మరీ నిజం. మొదటిసారి హెడ్‌సెట్ పెట్టుకున్న రోజున కనబడే ఉత్సాహం పదోసారికి ఎంత మిగులుతుందన్నది కొలవాలంటే ఏడాది పొడుగునా చూడాలి. అంత ఓపికతో చేసిన పని తక్కువ.

చంద్రుడి దగ్గరకు వెళ్లాలా, బంతి చాలా?

చంద్రకళల పాఠం తీసుకుందాం. పిల్లలే కాదు, పెద్దలు కూడా బాగా పొరబడే విషయం ఇది. భూమి నీడ పడటం వల్ల చంద్రుడు తరుగుతాడని అనుకునేవాళ్లు ఇప్పటికీ లెక్కలేనంత మంది. నీడ పడేది గ్రహణం నాడు. మిగతా రోజుల్లో చంద్రుడిలో సగం ఎప్పుడూ వెలుగులోనే ఉంటుంది. ఆ సగంలో మనవైపు ఎంత కనిపిస్తుందన్నదే రోజురోజుకూ మారేది. ఈ మాట పుస్తకంలో చదివితే అర్థమైనట్టే ఉంటుంది. కాసేపయ్యాక మళ్లీ మొదటికొస్తుంది. ఎందుకంటే ఇక్కడ రెండు చోట్ల నుంచి ఒకేసారి చూడగలగాలి, భూమి మీద నిలబడి ఒకసారి, పై నుంచి మొత్తం కక్ష్యను ఒకసారి.

వీఆర్‌కి చేతినిండా పని ఇక్కడే ఉంటుంది అనిపిస్తుంది. పిల్ల చేత్తో చంద్రుణ్ని పట్టుకుని భూమి చుట్టూ తిప్పుతుంది. సూర్యుడికి, భూమికి మధ్యకు తెచ్చేసరికి వెలుగు సగం అవతలికి పోయి ఇటువైపు చీకటి ముఖం కనిపిస్తుంది, అమావాస్య. కొంచెం పక్కకు జరిపితే అంచున సన్నటి నెలవంక. పావువంతు తిప్పేసరికి సగం. ఓ బటన్ నొక్కితే అంతరిక్షంలోకి ఎగిరి ఇదంతా పై నుంచి చూడొచ్చు. బాగుంది కదూ.

కార్నెల్ విశ్వవిద్యాలయంలో సరిగ్గా ఈ పాఠాన్నే పరీక్షించారు. ఒక గుంపు హెడ్‌సెట్‌లో, ఒక గుంపు కంప్యూటర్ తెర మీద, మూడో గుంపు చీకటి గదిలో దీపం పెట్టి, పుల్లకు గుచ్చిన బంతిని చేత్తో పట్టుకుని తమ చుట్టూ తిప్పుకుంటూ నేర్చుకున్నారు. 2020లో ఫలితాలు అచ్చయ్యాయి. మూడు గుంపుల మధ్య నేర్చుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏది ఇష్టమంటే మాత్రం ఎక్కువమంది వీఆర్‌కే ఓటేశారు. బంతి, దీపంతో పనైపోయే చోట హెడ్‌సెట్ పెట్టడం తప్పని కాదు. ఆ డబ్బు వేరే చోట ఎక్కువ పని చేస్తుంది, అంతే.

ఆ వేరే చోటు ఏది? స్టాన్‌ఫర్డ్‌లో ఏళ్ల తరబడి వీఆర్ ప్రయోగశాల నడుపుతున్న జెరెమీ బెయిలెన్‌సన్ ఒక చిట్కా చెబుతాడు. బయట చేస్తే ప్రమాదమైనదీ, అసలు సాధ్యమే కానిదీ, చేస్తే చేటు తెచ్చేదీ, భరించలేనంత ఖర్చయ్యేదీ అయితే వీఆర్‌లో చేయండి, లేదంటే మానేయండి అని. గాఢ ఆమ్లాల్ని తప్పు వరుసలో కలిపితే ఏమవుతుందో చూడటం మొదటిది. అణువు లోపల నిలబడటం రెండోది. పిల్లలంతా అక్కడికి వెళ్తే పాడైపోయే గుహచిత్రాల దగ్గరకు, పగడపు దిబ్బల దగ్గరకు తీసుకెళ్లడం మూడోది. సముద్రగర్భంలోకి దిగడం నాలుగోది.

సముద్రం అన్నాం కాబట్టి ఒక మాట. స్టాన్‌ఫర్డ్ ప్రయోగశాలలోనే కార్బన్ డయాక్సైడ్ కలిసి సముద్రపు నీరు ఆమ్లంగా మారడం మీద ఒక వీఆర్ పాఠం తయారుచేశారు. హైస్కూలు పిల్లల నుంచి పెద్దల దాకా చూశారు, నేర్చుకున్నారు కూడా. గమనించాల్సింది ఏంటంటే, ఆ నీళ్లలో ఎక్కువగా తిరిగి వెతికి చూసినవాళ్లకు తెలివిడి కూడా ఎక్కువ పెరిగింది. ఒకచోట కూర్చోబెట్టి 360 డిగ్రీల వీడియో చూపించడానికి, చేతులు కాళ్లు ఆడించనివ్వడానికి ఉన్న తేడా ఇదే. కదలడానికి వీల్లేని వీఆర్‌లో మిగిలేది పెద్ద తెర మాత్రమే.

నైపుణ్యం నేర్పే విషయంలో వీఆర్ సంగతి వేరే. 2002లో యేల్ విశ్వవిద్యాలయంలో 16 మంది సర్జరీ శిక్షణార్థుల్ని తీసుకుని, కొందరికి సిమ్యులేటర్ మీద సాధన చేయించి, తర్వాత అందరి చేతా పిత్తాశయం ఆపరేషన్ చేయించి చూశారు. సాధన చేసినవాళ్లు 29 శాతం వేగంగా పని ముగించారు, పొరపాట్లు కూడా చాలా తక్కువ. దాన్ని వీఆర్ శిక్షణ అనే పిలిచారు కానీ, వాడింది హెడ్‌సెట్ కాదు, తెర, చేతికి పరికరాలు. చేతికి అలవాటు కావాల్సిన పని, తప్పు చేసి దిద్దుకోవాల్సిన పని అయితే సిమ్యులేషన్‌కి తిరుగులేదు. వెల్డింగ్, యంత్రం విప్పి బిగించడం, మంటలు ఆర్పడం లాంటివి నేర్పే వృత్తి విద్యాసంస్థల్లో వీఆర్ ఎందుకు కుదురుకుందో, మామూలు బడుల్లో ఎందుకు ఇంకా డెమో దశ దాటలేదో దీన్ని బట్టి అర్థమవుతుంది. బడి పాఠాల్లో ఎక్కువ భాగం అర్థం చేసుకోవాల్సినవి, చేతితో చేయాల్సినవి తక్కువ.

నలభై నిమిషాల లెక్క

పరిశోధనాగారంలో ఒక విద్యార్థికి ఒక సహాయకుడు పక్కన నిలబడతాడు. బడిలో ముప్ఫై మందికి ఒక్క టీచరు. పీరియడ్ నలభై నిమిషాలు, హెడ్‌సెట్లు పది అనుకుందాం. బీరువా తీసి పంచడానికి కొంత సేపు. పట్టీ బిగించుకోవడం, కళ్లజోడు ఉన్నవాళ్లకు అది లెన్స్‌కు గీసుకోకుండా సర్దడం, "నాకు మసకగా ఉంది సార్" అన్నవాళ్ల దగ్గరకు పరుగు. చుట్టూ ఎంత జాగా ఉందో హెడ్‌సెట్‌కి గీసి చూపించాలి. ఒకదానికి ఛార్జింగ్ లేదు. ఇంకోటి సరిగ్గా అప్పుడే అప్‌డేట్ మొదలుపెట్టింది. పది హెడ్‌సెట్లూ ఒకేసారి వైఫై లాగితే బడి నెట్‌వర్క్ మూలుగుతుంది. ఇవన్నీ అయ్యాక ఒక్కో విద్యార్థికి మిగిలేది ఐదారు నిమిషాలు. తర్వాతి జట్టుకు ఇచ్చే ముందు ముఖానికి ఆనే మెత్తను తుడవాలి, లేకపోతే కళ్లకలక ఒకరి నుంచి ఒకరికి అంటుకునే ప్రమాదం ఉంది. హెడ్‌సెట్‌ను కిటికీ పక్కన లెన్సులు పైకి ఉండేలా వదిలేశారా, ఎండ లెన్సుల్లోంచి లోపలి తెర మీద పడి కొద్దిసేపట్లోనే మచ్చలు చేస్తుంది. ఆ మచ్చ ఇక పోదు.

ఇంకో ఇబ్బంది, హెడ్‌సెట్ లోపల పిల్లవాడు ఏం చూస్తున్నాడో టీచరుకు కనిపించదు. పుస్తకంలో తప్పు పేజీ తీస్తే పక్కనుంచి పోతూ పసిగట్టొచ్చు. ఇక్కడ పది మంది పది దిక్కులకు తిరిగి ఎవరి లోకంలో వాళ్లుంటారు. టీచరు టాబ్లెట్‌లోంచి అందరి తెరలూ చూసే, అందరినీ ఒకేసారి ఆపగలిగే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, వాటికి వేరే చందా కట్టాలి. టీచర్లకు శిక్షణ మాత్రం చాలాచోట్ల ఒక్క మధ్యాహ్నం డెమోతో సరిపెడతారు. పెట్టె తెరవడం నేర్పుతారు, పాఠం అల్లడం నేర్పరు.

దీన్ని కొంత తెలివిగా దాటే మార్గం ఉంది. ముగ్గురేసి జట్టు చేయాలి. ఒకరు హెడ్‌సెట్‌లో, ఒకరు అదే దృశ్యాన్ని తెర మీద చూస్తూ "ఎడమకు తిరుగు, ఆ ఎర్రకణం పక్కన ఏముంది?" అని అడిగేవారు, మూడోవారు రాసేవారు. ఐదు నిమిషాలకు పాత్రలు మార్పు. హెడ్‌సెట్లు తక్కువ ఉండటం ఇక్కడ లోటు కాకుండా పోతుంది. పైగా చూసినదాన్ని మాటల్లో పెట్టాల్సిన అవసరం దానంతట అదే వస్తుంది. ముందు పది నిమిషాలు ఏం వెతకాలో చెప్పి, తర్వాత పావుగంట ఏం చూశారో మాట్లాడుకుంటే, మధ్యలో వీఆర్ ఐదు నిమిషాలైనా ఆ పీరియడ్ వృథా పోదు. ముందూ వెనకా ఏమీ లేకుండా అరగంట వీఆర్ చూపిస్తే మాత్రం అది విహారయాత్ర కిందే లెక్క.

కళ్లు, కడుపు, జ్ఞాపకం

కొందరికి హెడ్‌సెట్ పెట్టగానే కడుపులో తిప్పుతుంది. కళ్లేమో ముందుకు పరిగెడుతున్నాం అంటాయి, చెవి లోపల సమతుల్యం చూసే భాగం కదలకుండా కూర్చున్నాం అంటుంది. ఈ రెండు కబుర్లూ పొసగక మెదడు తికమకపడుతుంది. రోలర్‌కోస్టర్ లాంటి దృశ్యాల్లో ఇది మరీ ఎక్కువ. విద్యార్థి కదిలితేనే దృశ్యం కదిలేలా, దూరం పోవాలంటే ఒక్క గెంతులో అక్కడికి చేరేలా తయారుచేసిన పాఠాల్లో బాగా తగ్గుతుంది. కాబట్టి కొనేముందు పెద్దవాళ్లు పెట్టుకుని చూడటం చాలదు, కొందరు పిల్లలతో కూడా పెట్టించి చూడాలి.

కళ్ల సంగతి ఇంకొంచెం చిక్కు. బయట ఏదైనా దగ్గరి వస్తువు చూసినప్పుడు రెండు కళ్లూ లోపలికి తిరుగుతాయి, లోపలి కటకం కూడా ఆ దూరానికే సర్దుకుంటుంది. హెడ్‌సెట్‌లో వస్తువు ముక్కు దగ్గరకొచ్చినట్టున్నా, కటకం సర్దుకోవాల్సింది ఎప్పుడూ ఒకే దూరానికి. కలిసి పనిచేసే రెండూ విడిపోతాయి, కళ్లు అలిసిపోతాయి. పైగా హెడ్‌సెట్లు పెద్దవాళ్ల ముఖాల కొలతలకు చేసినవి. కనుపాపల మధ్య దూరం పెద్దల్లో సగటున 63 మిల్లీమీటర్లు, పిల్లల్లో అంతకంటే తక్కువ. లెన్సుల్ని అంత దగ్గరికి జరపలేని హెడ్‌సెట్‌లో పిల్లలు మసకనే చూస్తారు, తలనొప్పి తెచ్చుకుంటారు. అందుకే తయారీదారులే వయసు హద్దు పెట్టుకున్నారు. సోనీ తన ప్లేస్టేషన్ వీఆర్‌ను 12 ఏళ్లలోపు పిల్లలకు వద్దంటుంది. ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా మొదట్లో 13 అంది, 2023లో తల్లిదండ్రుల అజమాయిషీలో 10 ఏళ్లకు దించింది. ఆలోగా పిల్లల కళ్లేమైనా మారాయా అని అడగాలనిపిస్తుంది. ఐదు నుంచి పది నిమిషాలు చూసి కళ్లకు విరామం ఇస్తే పెద్ద టెన్షన్ అక్కర్లేదు, ప్రాథమిక తరగతులకైతే అసలు తొందరే లేదు.

జ్ఞాపకం మీద 2009లో స్టాన్‌ఫర్డ్‌లో జరిగిన ఓ ప్రయోగం ఆలోచింపజేస్తుంది. పిల్లలకు వీఆర్‌లో తమలాంటి బొమ్మే తిమింగలాలతో ఈదుతున్నట్టు చూపించారు. కొన్ని రోజులకు అడిగితే, ప్రాథమిక బడి వయసు పిల్లల్లో కొందరు అది నిజంగా జరిగిందనే చెప్పారు. ఊరికే మాటల్లో విన్న పిల్లల కంటే వీళ్లలో ఇలాంటి తప్పుడు జ్ఞాపకాలు ఎక్కువ. ఈ సంగతిని చరిత్ర పాఠాలకు తగిలించి చూడండి. యుద్ధం, వలస, బానిసత్వం లాంటివి వీఆర్‌లో "అనుభవించి" పిల్లలు అవి పడ్డవాళ్ల బాధ తెలుసుకుంటారని చెబుతుంటారు. ఆ దృశ్యంలో గోడల రంగు, మాటలు, ఎవరు ముందు చేయి చేసుకున్నారన్నది అన్నీ ఒక డిజైనర్ ఊహించి పెట్టినవి. పుస్తకంలో వాక్యాన్ని ప్రశ్నించడం నేర్పగలం, కళ్లారా చూశాననుకున్నదాన్ని ప్రశ్నించమంటే ఎలా? బయటి నుంచి చూసి వచ్చే భయం, బాధ వేరు, ఆ బతుకు బతికినవాళ్ల అనుభవం వేరు అన్న ఇంగితం టీచరు పక్కనుండి చెప్పాల్సిందే.

ఎవరి లెక్కలు ఎవరి దగ్గర?

హెడ్‌సెట్ పనిచేయాలంటే తల, చేతుల కదలికల్ని క్షణక్షణం నమోదు చేయాల్సిందే. ఆ లెక్కలు ఎంత వ్యక్తిగతమైనవో 2020లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. 511 మందికి హెడ్‌సెట్లో వీడియోలు చూపించి, వాళ్ల కదలికల్ని కంప్యూటర్‌కిచ్చారు. ఐదు నిమిషాలకన్నా తక్కువ సేపటి కదలికలు ఇస్తే, ఎవరెవరో 95 శాతం సరిగ్గా గుర్తుపట్టింది. పేరు, ఫోటో ఏవీ అక్కర్లేదు, మెడ తిప్పే తీరు చాలు. కాబట్టి "పిల్లల పేర్లు మేం దాచుకోం" అన్న హామీ మాత్రమే చాలదు. కదలికల లెక్కలు హెడ్‌సెట్ దాటి ఎక్కడికి వెళ్తాయి, ఎన్నాళ్లుంటాయి, చెరిపేయమంటే చెరిపేస్తారా అన్నది ఒప్పందంలో రాయించుకోవాలి. లాగిన్ తలనొప్పి దీనికి తోడు. 2020లో వచ్చిన క్వెస్ట్ 2 అనే హెడ్‌సెట్ వాడాలంటే ఫేస్‌బుక్ ఖాతా తప్పనిసరి అన్నారు. ఖాతా ఉండకూడని వయసు పిల్లల చేతిలో ఆ యంత్రం ఎలా పెట్టాలో తెలియక బడులు ఇబ్బంది పడ్డాయి. 2022లో ఆ షరతు ఎత్తేశారు.

కంపెనీలు ఎప్పుడు మనసు మార్చుకుంటాయో కూడా తెలియదు. గూగుల్ 2015లో ఎక్స్‌పెడిషన్స్ పేరుతో బడులకు వీఆర్ యాత్రలు తెచ్చింది. అట్టపెట్టెలో ఫోన్ పెట్టి పిల్లల్ని ఎక్కడెక్కడికో తిప్పింది. టీచర్లు దాని చుట్టూ పాఠాలు అల్లుకున్నారు. 2021 జూన్ 30తో మూసేశారు. మైక్రోసాఫ్ట్ చేతిలో ఉన్న ఆల్ట్‌స్పేస్ అనే వీఆర్ సమావేశ వేదిక 2023 మార్చిలో మూతపడింది. అదే సంస్థ హోలోలెన్స్ 2 అనే తన హెడ్‌సెట్ తయారీని 2024లో ఆపేసింది. పాఠ్యపుస్తకం పదేళ్లు నిలుస్తుంది, హెడ్‌సెట్ మూడు నాలుగేళ్లకు పాతబడుతుంది, దానిలో నడిచే పాఠం ఎప్పుడైనా మాయం కావచ్చు. అందుకే బ్రౌజర్లో తెరుచుకునే పాఠాలు, వేరే కంపెనీ హెడ్‌సెట్‌లోనూ నడిచేవి దొరికితే, మెరుపులు కాస్త తక్కువైనా వాటికే మొగ్గడం మంచిది.

ఇక హెడ్‌సెట్ పెట్టుకోలేని పిల్లలు. మెల్లకన్ను ఉన్నవాళ్లకు, ఒక కంటిచూపు మందగించినవాళ్లకు ఆ లోతు కనబడదు. మూర్ఛ వచ్చే పిల్లలకు మిరుమిట్ల దృశ్యాలు ప్రమాదం. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకు "ముందుకు నడువు, కిందికి వంగు" అనే పాఠం అందదు. కొందరికి వికారం ఆగదు, కొందరికి ముఖానికి ఏదైనా ఆనడమే గిట్టదు. వీళ్లను ఆ పీరియడ్‌లో లైబ్రరీకి పంపేస్తే అంతకన్నా అన్యాయం లేదు. వీఆర్ పాఠం కొనేటప్పుడే అదే సిమ్యులేషన్ మామూలు కంప్యూటర్ తెర మీద కూడా నడుస్తుందా అని అడిగి, నడిచేదే తీసుకోవాలి. తెర మీద చేసిన పిల్లలు చదువులో నష్టపోతారని భయపడక్కర్లేదు. డెన్మార్క్ ప్రయోగంలో ఎక్కువ మార్కులు వచ్చింది తెరవాళ్లకే.